నిలబడినవాళ్ళు లేని బస్సు

నాయుడుపేట దగ్గర ఒక గ్లౌజుల ఫ్యాక్టరీలో రిపోర్టులు చేసే ఉద్యోగంలో నేను చేరినప్పుడు, మా అమ్మ వీధిలో అందరికీ "కంప్యూటర్లో రాసే పని" అని చెప్పుకుంది. ఏం రాస్తుందని ఎదురింటావిడ అడిగితే కాసేపు ఆలోచించి, "ఎవురెవురు ఎంత చేసినారో రాస్తాది" అంది. నా ఉద్యోగం గురించి అంతకంటే బాగా నేనూ చెప్పలేను. ఏ మెషీన్ ఎన్ని జతలు కుట్టింది, ఏ షిఫ్టుకి ఎంతమంది వచ్చారు, క్యాంటీన్లో ఎన్ని భోజనాలు మిగిలాయి, ఇవన్నీ ఒక సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చి పడతాయి. వాటిని వరుసలుగా, రంగు గీతలుగా పేర్చి పెద్దవాళ్ళ ముందు పెట్టాలి. పెద్దవాళ్ళు గీతలను మెచ్చుకుంటారు. చదివేది మాత్రం అన్నిటికంటే కింద లావు అక్షరాలతో ఉండే టోటల్ వరుస ఒక్కటే.

ఆ వరుసను అందరికంటే శ్రద్ధగా చదివేది మా హెచ్ఆర్ సారు. నెల్లూరు మనిషి. మంచివాడు, ఎవరిమీదా గొంతు పెంచడు. జీతాలూ సెలవులతో పాటు కంపెనీ బస్సులు కూడా ఆయన కిందే ఉండేవి. ఏ రిపోర్టు తీసుకుపోయినా, "అదంతా సరే గానీ, కింది వరుస చెప్పమ్మా" అనేవాడు. నేను పైవరుసల కోసం వేసిన రంగులన్నీ ఆ మాటతో వెలిసిపోయినట్టు అనిపించేది.

బస్సులు మూడు. ఒకటి సూళ్లూరుపేట వైపు నుంచి, ఒకటి గూడూరు నుంచి, ఒకటి వెంకటగిరి నుంచి వచ్చేవి. నాది సూళ్లూరుపేట బస్సు. అది తడ వైపు నుంచి బయలుదేరి మా సూళ్లూరుపేటకి వచ్చేసరికే దాదాపు నిండిపోయి ఉండేది. మా ఊళ్ళో ఎక్కేవాళ్ళలో ముందు పరుగెత్తినవాళ్ళకు మిగిలిన సీట్లు దొరికేవి. మిగతావాళ్ళం, తర్వాత దొరవారిసత్రంలో ఎక్కేవాళ్ళు, పైనున్న కడ్డీ పట్టుకుని నాయుడుపేట దాకా వేలాడేవాళ్ళం. నాకు మూడో వరుస సీటు పక్క చోటు అలవాటైపోయింది. అక్కడ కడ్డీకి చుట్టిన టేపు చేతికి మెత్తగా ఉండేది.

నా పక్కన నిలబడేది ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే ఒకావిడ. పులికాట్ సరస్సు ఒడ్డున ఒక పల్లె ఆమెది. ఇంటాయన పడవ మీద పోతాడు, ఈమె బస్సు మీద వస్తుంది. పల్లె నుంచి షేర్ ఆటోలో వచ్చేసరికి సీట్లు ఎలాగూ ఉండవు. నాకంటే పదేళ్ళు పెద్దదేమో, నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను పాపా అనేది. ఆమె గొంతు బస్సు ముందు నుంచి వెనక దాకా వినపడుతుంది. మంద్రంగా మాట్లాడటం ఆమెకు రాదు. ఎవరి సంబంధం కుదిరింది, ఎవరి అత్త ఎవరితో మాట్లాడటం మానేసింది, ఏ పడవకు ఎన్ని రొయ్యలు పడ్డాయి అన్నీ ఆమె ఒక కొనలో చెబితే ఇంకో కొనలో నవ్వులు వినపడేవి.

ఆ అక్కే ఒకరోజు నలుగురిని వెంటబెట్టుకుని సారు దగ్గరికి పోయింది. "సార్, మా బస్సులో మనుషులు నిలబడేదానికి కూడా చోటు లేదు. నిలబడి నిలబడి ఈడికొచ్చినాక మళ్ళా నిలబడి ప్యాకింగ్ చెయ్యాల. పెద్ద బస్సన్నా వెయ్యండి, ఇంకో బస్సన్నా వెయ్యండి" అంది.

సారు ఓపిగ్గా విన్నాడు. తర్వాత నన్ను పిలిచాడు. "నోటిమాటగా చెప్తే పైవాళ్ళు వినరమ్మా. ఎంతమంది నిలబడి వస్తుండారో ఒక రిపోర్టు చెయ్యి. నువ్వూ ఆ బస్సే కదా" అన్నాడు.

లెక్కకు కావలసిందంతా చేతిలోనే ఉంది. బస్సెక్కేటప్పుడు తలుపు పక్కనున్న చిన్న మెషీన్‌కు ఐడీ కార్డు తాకిస్తాం, అది కుయ్‌మంటుంది, ఎక్కినవాళ్ళ లెక్క అందులో పడుతుంది. ఏ బస్సుకు ఎన్ని సీట్లో కాగితం మీద ఉంది. ఎక్కినవాళ్ళలోంచి సీట్లు తీసేస్తే మిగిలినవాళ్ళు నిలబడినవాళ్ళు. సీట్లే ఎక్కువుంటే నిలబడినవాళ్ళు సున్నా. ఇలాంటి లెక్క సూత్రాన్ని ఆ సాఫ్ట్‌వేర్‌లో మెజర్ అంటారు. ఒకసారి రాసి పెడితే చాలు, ఏ వరుసలో పెడితే ఆ వరుసకు తనే లెక్క వేసుకుంటుంది. టీ తాగే లోపల రాసేశాను. పైన ఒక చిన్న బస్సు బొమ్మ కూడా పెట్టాను.

మర్నాడు సారు గదిలో ఆయన కంప్యూటర్లోనే తెరిచి చూపించాను. ఆయన చూపు బస్సు బొమ్మ మీద క్షణం కూడా ఆగలేదు, నేరుగా కిందికి జారింది.

"సున్నా!" అన్నాడు, ముఖం వెలిగిపోతూ. "ఎవురూ నిలబడ్డంలేదేమ్మా!"

నేను వంగి చూశాను. సూళ్లూరుపేట బస్సు, పదిహేను. గూడూరు బస్సు, సున్నా. వెంకటగిరి బస్సు, సున్నా. టోటల్, సున్నా. లావు అక్షరాల్లో, గుండ్రంగా, ఏ అనుమానమూ లేకుండా కూర్చుని ఉంది ఆ సున్నా.

"సార్, పైన సూళ్లూరుపేటకి పదిహేను ఉంది చూడండి."

"పైన ఎన్ని ఉన్నా కూడినాక సున్నా వచ్చింది కదమ్మా. అది కంప్యూటరు. మనమైతే తప్పు జేస్తాం, అదెందుకు చేస్తాది?"

నేను నోరు తెరిచే లోపల ఆయన ఫోన్ మోగింది. పైవాళ్ళే. ఆయన కుర్చీలోంచి సగం లేచి మాట్లాడాడు. చివర్లో, నేను వింటుండగానే, "బస్సుల ఇబ్బందేం లేదు సార్. ఇప్పుడే రిపోర్టు కూడా చూసినా" అన్నాడు.

ఆ మాట నాకంటే ముందే ప్యాకింగ్ సెక్షన్‌కు చేరింది. ఎలా చేరిందో ఇప్పటికీ తెలియదు. మర్నాడు పొద్దున నేను బస్సెక్కి కార్డు తాకిస్తుండగానే అక్క గొంతు మోగింది.

"రామ్మా రా! జరగండి, జరగండి, సున్నా మేడమ్‌కి చోటియ్యండి! ఏం పాపా, మనమెవురూ నిలబళ్ళేదంట కదా. మరి ఈ కాళ్ళు ఎవురివి?"

బస్సంతా నవ్వింది. డ్రైవరన్న కూడా అద్దంలోంచి చూసి నవ్వాడు. దొరవారిసత్రంలో ఎక్కినవాళ్ళకు కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. నాయుడుపేట చేరేసరికి నా అసలు పేరు ఆ బస్సులో ఎవరికీ గుర్తులేదు. కోపం రావాలి కానీ నాకూ నవ్వొచ్చింది. పదిహేను మందిమి ఒకరి భుజాల మీద ఒకరం పడుతూ, మేం లేమని నేనే రాసిచ్చిన కాగితం గురించి నవ్వుకుంటూ పోయాం.

నవ్వు అయిపోయాక మాత్రం లోపల గుచ్చుకోవడం మొదలైంది. పదిహేనూ సున్నా సున్నా కూడితే సున్నా ఎలా వస్తుంది? మధ్యాహ్నం భోజనం కాగానే కూర్చుని రిపోర్టును గిల్లడం మొదలుపెట్టాను. సూళ్లూరుపేట ఒక్కదాన్నే ఉంచి మిగతావి తీసేస్తే టోటల్ పదిహేను అని బుద్ధిగా చెబుతోంది. గూడూరును కలపగానే సున్నా అంటోంది. గూడూరు బస్సు వచ్చి మా వాళ్ళను ఎత్తుకుపోతున్నట్టుంది.

నిజంగా జరుగుతున్నదీ అదేనని కాసేపటికి అర్థమైంది. టోటల్ వరుస తన పైనున్న వరుసలను కూడుతుందని నేను అనుకున్నాను. మనమైతే అంతేగా చేస్తాం. అది మాత్రం పైకి చూడనే చూడదు. ఒక్కో వరుసకు ఏ ప్రశ్న వేశామో ఆ ప్రశ్ననే మొత్తం గుంపుకు ఇంకోసారి వేసుకుంటుంది. అన్ని బస్సులూ కలిపి ఎక్కింది నూట పంతొమ్మిది మంది. అన్ని బస్సులూ కలిపి సీట్లు నూట ముప్ఫై రెండు. ఇన్ని సీట్లుండగా ఎవరు నిలబడతారు? సున్నా. గూడూరు బస్సు పెద్దది, సగం ఖాళీగా వస్తుంది. ఆ దారిలో ఖాళీగా పోతున్న సీట్లో ఈ దారిలో వేలాడుతున్న మా అక్కను కూర్చోబెట్టి చేతులు దులుపుకుంది మెజర్. దాని దృష్టిలో అది తప్పేం కాదు. బస్సు మారాలంటే మనిషి అటుచివర ఊరికి పోవాలని దానికి ఎవరు చెప్పారు?

ఇంటర్నెట్‌లో వెతికాను. "నా టోటల్ ఎందుకు తప్పు వస్తోంది?" అని అడిగినవాళ్ళు లోకంలో నేనొక్కదాన్నే అనుకున్నాను. ఎన్ని పేజీలు తిప్పినా తరగలేదు. ఎక్కడెక్కడి వాళ్ళో, ఎవరి సరుకో, ఎవరి గిడ్డంగో, అందరిదీ ఒకే ఏడుపు. జవాబు చెప్పేవాళ్ళు కూడా ఒకే ధోరణిలో, కాస్త విసుగ్గా, "టోటల్ తప్పు రాలేదు, మీరడిగిన దానికే జవాబు చెప్పింది" అని మొదలుపెట్టేవారు. బస్సులో పదిహేను మంది నవ్విన తర్వాత ఆ మాట వినడం అంత ఓదార్పుగా ఏమీ ఉండదు. కాకపోతే చివర్లో ఉపాయం కూడా చెప్పారు. మెజర్‌ను గుంపు మొత్తం మీద వదలకూడదు. ఒక్కో బస్సు దగ్గరికీ విడివిడిగా పోయి లెక్క వేసుకుని రమ్మనాలి. వచ్చిన జవాబులను ఆఖర్న కూడమనాలి. అలా చెప్పడానికి వేరే సూత్రం ఉంది. రెండు మూడుసార్లు బ్రాకెట్లు తప్పుగా పెట్టి సాఫ్ట్‌వేర్ చేత తిట్లు తిన్నాక కుదిరింది. టోటల్ దగ్గర పదిహేను వచ్చి నిలబడింది. సీట్లో నుంచి లేచి చప్పట్లు కొడదామనిపించింది కానీ పక్కన అకౌంట్స్ వాళ్ళున్నారు.

ఇంతలో సారు తన వంతుగా ఒక పని చేశాడు. ఎవరో ఆయనకు మా బస్సు నవ్వుల సంగతి చేరవేశారు. సూళ్లూరుపేటలో బంధువులింట్లో ఫంక్షన్‌కు వచ్చిన ఆయన, మర్నాడు పొద్దున కారు పంపించేసి స్వయంగా బస్సు స్టాపు దగ్గరికి వచ్చాడు. సారు బస్సెక్కుతున్నాడన్న వార్త ఆటోల కంటే వేగంగా పాకింది. ఇవాళ కళ్ళారా చూస్తాడని నేను సంబరపడ్డాను. అక్క అయితే ఆయన ఎదురుగా నిలబడి కడిగేస్తానని ముందే ప్రకటించింది.

బస్సు వచ్చింది. సారు మెట్టెక్కాడు. మరుక్షణం ముందు సీట్లో ఉన్న ఇద్దరు చటుక్కున లేచి నిలబడ్డారు. అక్క తన కొంగుతో సీటు తుడిచింది.

"కూర్చోండి సార్, ఈడ కూర్చోండి. కిటికీ పక్కనైతే గాలొస్తాది" అంది. ఆమె గొంతు అంత మెత్తగా ఉండగలదని నాకు ఆరోజే తెలిసింది.

సారు కూర్చున్నాడు. మిగతా బస్సంతా ఆయన వీపు వెనక ఉండిపోయింది. గౌరవం కొద్దీ అందరూ వెనక్కి జరిగి ఒత్తుకున్నారు. ఆయన చుట్టూ ఒక మనిషి పడుకునేంత ఖాళీ. కిటికీలోంచి గాలి. దొరవారిసత్రం దాటాక నీళ్ళు నిలిచిన పొలాల్లో కొంగలు కనబడ్డాయి. సారు ఫోన్ తీసి ఫొటో తీసుకున్నాడు.

ఫ్యాక్టరీలో దిగాక నాతో, "హాయిగా వచ్చినానమ్మా. ఎక్కంగానే సీటు దొరికింది" అన్నాడు.

"మిగతావాళ్ళు నిలబడే వచ్చారు కదా సార్?"

"చూసినా. వెనక ఒకటే మాటలు, నవ్వులు. నిలబడితేనే కబుర్లకు బాగుంటాదని నిలబడుండారు. కూర్చోమంటే కూర్చోరు ఈ కాలం వాళ్ళు."

నేను అక్క వైపు చూశాను. ఆమె గేటు వైపు చూస్తూ గబగబా నడిచిపోయింది. తర్వాత క్యాంటీన్లో పట్టుకుని అడిగితే, "ఏం చెయ్యమంటావు పాపా, ఇంటికొచ్చినోడ్ని నిలబెట్టి మాట్లాడతామా? నా చెయ్యి దానంతట అదే తుడిచేసింది" అంది. ఆమె బాధ చూసి నేనే సముదాయించాల్సి వచ్చింది.

ఇక మిగిలింది నా కొత్త టోటల్ ఒక్కటే. మధ్యాహ్నం సారు గదికి తీసుకుపోయాను. ఆయన కింది వరుస చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ కింది వరుస చూశాడు.

"మొన్న సున్నా, ఈరోజు పదిహేనా? అదే రోజుది, అవే బస్సులు. ఏమ్మా, నువ్వేమన్నా మార్చినావా?"

"మార్చాను సార్. సూత్రం మార్చాను."

"నువ్వు కూడా నిలబడే వస్తుండావు కదా?" అని నెమ్మదిగా అడిగాడు.

అడిగిన తీరులో చెడ్డ ఉద్దేశం లేదు. అయినా నా చెవులు వేడెక్కాయి. సూత్రం వివరిద్దామని మొదలుపెడితే ఆయన కళ్ళు మెల్లగా గోడ గడియారం వైపు పోయాయి. ఏం చేయాలో తెలియక చుట్టూ చూశాను. సారు గదికీ బయట వేచి ఉండే చిన్న గదికీ మధ్య అద్దం గోడ. ఆరోజు కుట్టు విభాగం కోసం ఇంటర్వ్యూలు ఉన్నాయి. బయట రెండు కుర్చీలు, నలుగురు అమ్మాయిలు. ఇద్దరు కూర్చున్నారు, ఇద్దరు ఫైళ్ళు గుండెలకు ఆనించుకుని గోడకు నిలబడ్డారు.

"సార్, ఈ గదిలో కుర్చీలెన్ని?"

ఆయన తన కుర్చీతో సహా లెక్కపెట్టి, "నాలుగు" అన్నాడు.

"మనమెంతమంది?"

"ఇద్దరం."

"బయట?"

"రెండు కుర్చీలు. నలుగురుండారు."

"మొత్తం కుర్చీలు ఆరు. మొత్తం మనుషులు ఆరుగురు. ఎవరూ నిలబడనక్కర్లేదు కదా సార్? మొన్నటి టోటల్ అదే చెప్పింది."

సారు అద్దంలోంచి బయటికి చూశాడు. గోడకు ఆనుకున్న అమ్మాయిల్లో ఒకామె ఒక కాలు మీద నుంచి ఇంకో కాలు మీదికి బరువు మార్చుకుంది. ఆయన ముఖంలో ఏదో కదిలింది.

"ఓహో. వాళ్ళకేమో ఈ కుర్చీలు అందవు."

"అందవు సార్. గూడూరు సీట్లు మాకూ అందవు."

"గది గదికీ విడిగా జూడాల అంటావు."

"చూసి, తర్వాత కూడాలి సార్."

ఆయన లేచి తలుపు తీసి, "అమ్మా, మీరిద్దరూ లోపలికి వచ్చి కూర్చోండి" అన్నాడు. పాపం, కుర్చీలు ఖాళీగా ఉన్నాయని పిలిచాడంతే. ఆ అమ్మాయిలు లోపలికి వచ్చి, నమస్కారం పెట్టి, సర్టిఫికెట్లు నా చేతిలో ఒకరు, సారు చేతిలో ఒకరు పెట్టారు. ఒకామె నావైపు తిరిగి తన గురించి ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. బట్టీ పట్టిన పాఠం, ఆపితే మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. సారుకు ఆపే మనసు రాలేదు. అయిపోయిందాకా విని, "బాగా చెప్పినావమ్మా" అన్నాడు. బయట ముందుగా వచ్చి కూర్చున్న ఇద్దరూ అద్దంలోంచి మమ్మల్ని చూసిన చూపు మాత్రం మామూలుగా లేదు.

నమ్మాక సారు ఆగే మనిషి కాదు. "ఒకరోజుది పనికిరాదు, నెల మొత్తం తియ్యి, పైకి పంపిద్దాం" అన్నాడు. నెల మొత్తం తీస్తే మళ్ళీ ఏదో తగ్గినట్టు అనిపించింది. రోజువారీ లెక్కలు చేత్తో కూడితే ఎక్కువ వస్తోంది, రిపోర్టు తక్కువ చెబుతోంది. ఈసారి దొంగ ఎక్కడుందో తొందరగానే పట్టుకున్నాను. శనివారం ఒక్క షిఫ్టే, మా బస్సు కూడా ఆరోజు దాదాపు ఖాళీ. నేను బస్సు బస్సుకూ చూడమన్నాను కానీ రోజు రోజుకూ చూడమనలేదు. అది మా బస్సు నెల మొత్తాన్నీ ఒక ముద్ద చేసి, శనివారం ఖాళీ సీట్లలో సోమవారం మనుషులను కూర్చోబెట్టింది. సోమవారం నిలబడి వచ్చిన అక్కకు శనివారం సీటు చూపించి ఏం లాభం? ఒక్కో బస్సు, ఒక్కో రోజు, విడివిడిగా చూసి కూడమని మార్చాను. చేత్తో కూడిన లెక్కతో కలిసింది. మూడొందల ముప్ఫై.

పంపిన కాసేపటికే సారు పరుగులాంటి నడకతో నా సీటు దగ్గరికి వచ్చాడు.

"ఆ బస్సెక్కేదే యాభై అయిదు మంది. మూడొందల ముప్ఫై మంది ఎట్టా నిలబడినారమ్మా? టాపు మీద కూడా ఎక్కించుకుంటుండాడా డ్రైవరు?"

పక్కన అకౌంట్స్ వాళ్ళు పని ఆపేసి వింటున్నారు. నేను రిపోర్టు మళ్ళీ తెరిచి చూశాను. లెక్క తప్పు లేదు. ఈసారి సూత్రంలో కూడా ఏమీ లేదు. పైన నేను పెట్టిన శీర్షికలో ఉంది తిరకాసు. "నిలబడినవాళ్ళు" అని రాశాను. రోజూ నిలబడే మనిషి రోజూ ఒకసారి లెక్కలో పడుతుంది. నెలకు అక్క ఒక్కతే ఇరవై మందికి పైగా అయిపోయింది. శీర్షికను "నిలబడి చేసిన ప్రయాణాలు" అని మార్చాను. పక్కన ఇంకో కాలమ్ పెట్టి పనిరోజుల్లో రోజుకు సగటున ఎందరో వేశాను. దాని కింద కూడిక రాకుండా టోటల్ వరుసలో కూడా సగటే వచ్చేలా చూశాను, లేకపోతే సగటులన్నీ కూడి ఇంకో కొత్త గుంపును బస్సెక్కించేది. సారు రెండు కాలమ్‌లూ పైనుంచి కిందికి చదివాడు. అవును, పైనుంచి కిందికి. నేను కళ్ళారా చూశాను.

"ఇప్పుడు బాగుండాది" అన్నాడు.

పైవాళ్ళ నుంచి రెండు రోజుల్లో జవాబు వచ్చింది. కొత్త బస్సు లేదు. కానీ రిపోర్టు చదివిన ఎవరో మహానుభావుడు ఒక్క ప్రశ్న అడిగాడట, సగం ఖాళీగా వచ్చే గూడూరుకు అంత పెద్ద బస్సు ఎందుకని. ఎందుకో ఎవరికీ తెలియదు. ఎప్పుడో ఎవరో వేశారు, అలా నడుస్తోంది. గూడూరు బస్సును మాకిచ్చి, మాది వాళ్ళకివ్వమన్నారు. గూడూరువాళ్ళు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అప్పటిదాకా ఒక్కొక్కరు రెండేసి సీట్లు పరుచుకుని, చెప్పులు విప్పి, కాళ్ళు చాపుకుని వచ్చేవాళ్ళట. ఇప్పుడు బ్యాగు ఒళ్ళో పెట్టుకోవాల్సి వచ్చింది.

మాకు మాత్రం పెద్ద బస్సు ఊరికే రాలేదు. అది మా స్టాపు ఉన్న సందులో తిరగలేదు. మొదటిరోజు డ్రైవరన్న ప్రయత్నించి, ఒక టీకొట్టు రేకును గీకి, దాని ఓనరు చేత నాలుగు మాటలు పడి, స్టాపును హైవే మీదికి మార్చాడు. అందరం అంత దూరం నడవాలి. "కాళ్ళకు సుఖం వచ్చిందనుకుంటే ఇదొకటి తగులుకునిందే!" అని అక్క దారంతా గొణిగింది. అయినా బస్సెక్కి, ఖాళీ సీటు చూసి, ముందు దాని మీద చెయ్యి వేసి నిజమేనా అన్నట్టు తడిమి, తర్వాత కూర్చుంది. ఇద్దరో ముగ్గురో నిలబడ్డారు, వాళ్ళు దొరవారిసత్రం కుర్రాళ్ళు, వాళ్ళకు నిజంగానే తలుపు దగ్గర గాలి కావాలి.

నేను కిటికీ పక్కన కూర్చున్నాను, అక్క నా పక్కన. నిలబడి ఉన్నంతకాలం తెగని కబుర్లు ఆమెకు ఆరోజు ఒక్కటీ గుర్తు రాలేదు. "సీటు మెత్తగా ఉండాది పాపా" అంది. అంతే, ఇంకో మాట లేదు. నేను కొంగల కోసం బయటికి చూస్తున్నాను. తర్వాత ఏమైందో నాకు తెలియదు.

ఎవరో భుజం తట్టి కుదిపితే కళ్ళు తెరిచాను. ఎదురుగా మా ఫ్యాక్టరీ సెక్యూరిటీ అన్న నిలబడి ఉన్నాడు. బస్సు షెడ్డు ముందు ఆగి ఉంది. అక్క తల నా భుజం మీద, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. నేను వెనక్కి తిరిగి చూశాను. వరుస వరుసలో తలలు ఒక పక్కకు వాలి ఉన్నాయి. కుర్రాళ్ళు దిగిపోయారు. మిగతా బస్సంతా నిద్రపోతోంది.

"హారన్ కొట్టినా, కేకేసినా ఒక్కరు కూడా దిగడంలేదు" అని తలుపు దగ్గర నుంచి డ్రైవరన్న భయం భయంగా చెబుతున్నాడు. "నాకేం అర్థం కాక నిన్ను పిలిచినా అన్నా. సమ్మె అనుకుంటి."

సెక్యూరిటీ అన్న వంగి అక్కను లేపాడు. అక్క కళ్ళు తెరవకుండానే, "ఇంకొంచేపుండు, దొరవారిసత్రం రానీ" అంది.